చివరి ఫారాల శుభమక్క

ప్రేమ నవలల మీద శుభమక్కకు ఉన్న పెద్ద ఫిర్యాదు వాన.

"ప్రతి పుస్తకంలోనూ చివరికొచ్చేసరికి కుండపోత. వీళ్ళు ఎండలో నిలబడి తప్పయిందని చెప్పుకుంటే చెల్లదా? ఇద్దరికీ జలుబు చేస్తే మందులెవరు తెచ్చిపెట్టాలి?" అంటుంది. అంటూనే ఆ పేజీ మడతను చేతిలోని చెక్కబద్దతో మెత్తగా నొక్కుతుంది. తిట్టడమే గాని వాన లేకపోతే ఆవిడకు తోచదు. కిందటేడు ఒక రచయిత తన ప్రేమకథను వాన చుక్క పడకుండా టీ కొట్టులో ముగించేశాడు. ఆ పుస్తకం లారీ ఎక్కేదాకా శుభమక్క మొహం ముడుచుకునే ఉంది.

మాది పుస్తకాలు బైండింగు చేసే పని. అచ్చయిన కాగితం పెద్ద పెద్ద తావులుగా మా షెడ్డుకు వస్తుంది. ఒక్కో తావులో పదహారు పేజీలుంటాయి, దాన్ని మేం ఫారం అంటాం. విప్పి చూస్తే ఏ పేజీ వరసలో ఉండదు. ఒకటో పేజీ పక్కన పదహారోది, సగం పేజీలు తలకిందులు. సరిగ్గా మూడు మడతలు పెడితేనే కథ దారిన పడుతుంది. ఆ మడతలు పెట్టడం, ఫారాలను వరసగా పేర్చి కుట్టడం, అట్ట అంటించడం మా పని. నవలలు ఇప్పుడు తెగ వస్తున్నాయి. జనం చదవడం మానేశారని అందరూ అంటారు గాని మా నడుములను అడిగితే ఆ మాట నమ్మవు.

మా షెడ్డులో ఒక ఆనవాయితీ ఉంది. ఎవరి బల్లకు వచ్చే ఫారాలు వాళ్ళవే. ముందు ఫారాలన్నీ ఒక చిన్న పిల్లకు వెళ్తాయి. నాయికా నాయకులు మొదటిసారి ఎదురుపడేది ఆ ఫారాల్లోనే కాబట్టి ఆ పిల్లను తొలిచూపు అని పిలుస్తాం. మధ్య ఫారాలు తగువుల వదినవి. పేరులోనే ఉంది కదా, అపార్థాలు, అలకలు, చెంపదెబ్బలు అన్నీ ఆవిడ బల్ల మీదే జరుగుతాయి. చివరి ఫారాలు శుభమక్కవి. ఇప్పటి నవలల్లో చివర శుభం అని వేయడం మానేశారు. ఆవిడ మాత్రం కట్ట పూర్తికాగానే నోటితో "శుభం" అని పక్కన పెడుతుంది. అసలు పేరు జీతాల పుస్తకంలో ఉంటే ఉండొచ్చు. అట్టలు నావి. నేను కథలో ఒక్క ముక్కా చదవను, అట్ట చూసి తీర్పు చెప్పేస్తాను. పైన పటారం లోన లొటారం అని వదిన వెక్కిరిస్తుంది, వెక్కిరించనీ.

రోజంతా అదే ఫారం మడతపెడుతుంటే కళ్ళు మూసుకున్నా అక్షరాలు కనబడతాయి. కానీ పక్క బల్ల ఫారంలో ఏముందో తెలియదు. పుస్తకం తయారయ్యాక తిరగేసే తీరిక ఉండదు, అట్టపెట్టెల్లో సర్ది పంపేస్తారు. అందుకని మధ్యాహ్నం క్యారియర్లు విప్పాక తొలిచూపు మొదలు చెప్తుంది, వదిన మధ్య చెప్తుంది. శుభమక్క మాత్రం ఆ కథ వినదు. తన క్యారియరు పట్టుకుని కిటికీ దగ్గరికి పోయి, మా వైపు వీపు పెట్టి తింటుంది.

"పాత గొడవలు నాకెందుకే. చివరికి ఏమైందో నాకు తెలుసు. అది చాలు" అంటుంది.

దీంతో మా షెడ్డులో యుద్ధాలు జరిగేవి. ఒక నవలలో డాక్టరు ఒకడున్నాడు.

"వాడంత దుర్మార్గుణ్ణి నేను చూడలేదు. పెళ్ళాం రాసుకున్న కాగితాలన్నీ చించి పొయ్యిలో పెట్టాడు" అంది వదిన.

కిటికీ దగ్గర్నుంచి శుభమక్క గయ్యిమంది. "నోర్ముయ్. ఆ అమ్మాయి మంచం పక్కన కూర్చుని వెక్కివెక్కి ఏడ్చినవాడు దుర్మార్గుడెలా అవుతాడు? బంగారంలాంటి మనిషి."

"ఎందుకు ఏడ్చాడో తెలియాలంటే నా ఫారం చదవాలి."

"ఏడ్చాడా లేదా? అది చెప్పు."

ఇద్దరూ చెప్పేది ఒకే మనిషి గురించి. సాయంత్రం దాకా పోట్లాడుకున్నారు. తొలిచూపుకు మాత్రం అతని చేతివేళ్ళు పొడుగ్గా ఉంటాయని తప్ప ఇంకేమీ తెలియదు, పాపం ఆ వేళ్ళ మీదే మనసు పారేసుకుంది. నాకూ అతను నచ్చాడు. అట్ట మీద గడ్డం బాగుంది.

ప్రేమ నవలల మీద వదిన అభిప్రాయం వేరు. "కిటికీలోంచి ఏదో చూస్తాడు, అపార్థం చేసుకుంటాడు, అడగడు. ఆవిడా చెప్పదు. ఒక్క మాట అడిగితే నాలుగు ఫారాలు తగ్గేవి, కాగితమన్నా మిగిలేది" అంటుంది. ఈ మాట వచ్చినప్పుడల్లా మా ఓనరు తన గదిలోంచి "అడక్కుండానే ఉండనివ్వమ్మా, మన పొయ్యిలు వెలగాలి" అని అరుస్తాడు.

మాయలూ మంత్రాలూ ఉండే నవలలంటే శుభమక్కకు ఒళ్ళు మంట. కారణం ఉంది. ఆ పుస్తకాలకు చివర ఉండదు. కత్తి కోసం బయలుదేరినవాడు నాలుగొందల పేజీలు నడిచి, ఆవిడ బల్ల దగ్గరికొచ్చేసరికి కొండ ఎక్కి నిలబడతాడు. కింద 'మిగతా రెండో భాగంలో' అని ఉంటుంది. రెండో భాగం వస్తే మూడో భాగంలో అంటాడు. "కొండను తవ్వి ఎలుకనన్నా పట్టడేం వీడు!" అని ఆ ఫారాన్ని చెక్కతో రెండు దెబ్బలు ఎక్కువే వేస్తుంది. "వేలమంది సైన్యం అడవిలో పడి నడుస్తారు, ఒక్కడికీ చెప్పు తెగదు. ఒక్కడికీ కడుపునొప్పి రాదు." ఆ కథల్లో మొదట్లో గిన్నెలు తోముకునే అనాథ పిల్ల చివరికి రాజకుమార్తె అని తేలుతుంది. ఆ మాట చెప్పి తొలిచూపు మురిసిపోతే, వదిన అడిగింది. "అది సింహాసనం ఎక్కింది సరే, ఆ గిన్నెలు ఇప్పుడెవరు తోముతున్నారే?" నాకైతే ఆ పుస్తకాల అట్టల మీది బంగారు రంగు మీద కోపం. వేళ్ళకు అంటుకుని, ఇంటికెళ్ళి సబ్బుతో రుద్దినా పోదు.

చరిత్ర నవలలంటే మాత్రం శుభమక్కకు గౌరవం. అందులో చివరికి అందరూ చచ్చిపోతారు, ఇక రెండో భాగం రాసే వీలుండదు. "రాణులు మన కాలపు మాటలు మాట్లాడుతున్నారు, నాకు సమయం కావాలి, నా స్థలం నాకు కావాలి అంటున్నారు, అంత పెద్ద కోటలో స్థలమేం తక్కువైందట?" అని నవ్వుతుంది. అయినా ఆ రాణి చచ్చిపోయే పేజీ మడతపెట్టేటప్పుడు ముక్కు చీదుతుంది. ఆ రాణి అంతకుముందు సవతి కొడుక్కు విషం పెట్టించిందని వదిన చెప్పబోతే చెవులు మూసుకుంటుంది. నేను అట్టలు చూసి గమనించిందేమంటే, ఈ మధ్య ఏ రాణీ మన వైపు తిరగడం లేదు. అందరివీ వీపులే, దూరంగా ఒక కోట.

ఇదంతా చదివి శుభమక్కను తిక్క మనిషి అనుకునేరు. ఆవిడ అలా అవడానికి కారణం నాకు తెలుసు, మేమిద్దరం ఒకే మేడలో ఉంటాం, ఆవిడ పైన, నేను కింద. కూతురు ఇంకా బళ్ళో చేరకముందే ఆవిడ భర్త పోయాడు. జ్వరం అన్నారు, రెండోనాటికి మనిషి లేడు. పరామర్శకు వచ్చినవాళ్ళంతా మొదట్నుంచి చెప్పమన్నారు. జ్వరం ఎప్పుడొచ్చింది, ఆస్పత్రికి అప్పుడే ఎందుకు తీసుకెళ్ళలేదు, ఏం తినిపించావు, ఏం తాగించావు. వచ్చిన ప్రతివాళ్ళకూ ఆవిడ మొదట్నుంచి చెప్పింది. చెప్పిన ప్రతిసారీ తప్పు తనదేనని తేలింది. ఆ తర్వాత పిల్లను చంకనేసుకుని మా షెడ్డుకొచ్చి ఓనరుతో అంది, "జరిగింది అడగకండి. పని చెప్పండి." ఓనరు అడగలేదు, పని చెప్పాడు. ఆ మాటను పట్టుకునే ఆవిడ ఇన్నేళ్ళు ఈదుకొచ్చింది. పిల్ల బళ్ళో కొట్లాడి ఏడుస్తూ వచ్చినా "పోనీలే, ఇప్పుడేం చేద్దాం?" అనేది. ఎవరు కొట్టారో అడిగేది కాదు. నిజం చెప్పొద్దూ, అలా బతకబట్టే ఆ ఇల్లు నిలబడింది.

కూతురు చదువుకుని కళ్ళజోళ్ళ దుకాణంలో చేరింది. వచ్చినవాళ్ళను కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా గోడ మీది అక్షరాలు చదివించే పని. అక్కడే ఒకబ్బాయి వచ్చాడు. చూపు చక్కగానే ఉంది, అయినా కావాలని పెద్ద అక్షరాలు కూడా తప్పు చదివాడట, ఇంకాసేపు కూర్చోవచ్చని. మూడోసారి వచ్చినప్పుడు ఈ పిల్లే నవ్వేసి, "మీకు కావలసింది అద్దాలు కాదు కదా" అందట. ఈ కథ విన్నాక తొలిచూపు వారం రోజులు పని మీద ధ్యాస పెట్టలేదు. పెళ్ళికి షెడ్డంతా కదిలి వెళ్ళాం. అబ్బాయికి మంచి ఉద్యోగం, మంచి మాట, ఇస్త్రీ చొక్కా. నా లెక్కలో అట్టకు వంక పెట్టడానికి లేదు.

అలాంటిది, పెళ్ళయిన మూడేళ్ళకు, మొన్నీమధ్య ఒక సాయంత్రం ఆ పిల్ల ఒక్క సంచీ పట్టుకుని తల్లి గుమ్మంలో నిలబడింది. నేను మెట్ల మీదే ఉన్నాను.

"వచ్చావా. చేతులు కడుక్కో, తిందువుగాని" అంది శుభమక్క.

"అమ్మా, నేను..."

"ముందు తిను. తర్వాత చెప్దువుగాని."

ఆ తర్వాత అనేది రానే లేదు. పిల్ల ఎప్పుడు నోరు తెరిచినా "పోనీలేమ్మా, అన్నీ సర్దుకుంటాయి, వస్తాడు" అని తల్లి మాట తుంచేసేది. నాకు షెడ్డులో చెప్పింది కూడా అదే. "వస్తాడే. రాకుండా ఎక్కడికి పోతాడు? నేనెన్ని చూడలేదు?" ఆవిడ చూసినవన్నీ చివరి ఫారాల్లోవేనని నాకు తెలుసు.

పిల్ల నాతో చెప్పింది. మేడ మీద బట్టలు ఆరేస్తుంటే చెప్పింది. అతను కొట్టడు, తిట్టడు, తాగడు. మాట్లాడడు, అంతే. పెళ్ళయిన కొత్తలో ఎవరింట్లోనో భోజనాల దగ్గర అతను చెప్పిన ఏదో మాటకు ఈ పిల్ల నవ్విందట. ఇంటికొచ్చాక మూడు రోజులు మాట లేదు. ఎందుకో తెలియక ఈ పిల్లే బతిమాలింది, ఏడ్చింది, తప్పయిందంది. నాలుగో రోజు ఏమీ జరగనట్టు పువ్వులు తెచ్చి చేతిలో పెట్టాడు. ఆ తర్వాత వారం, ఆ తర్వాత నెల. ఒకే ఇంట్లో, ఒకే మంచం మీద. కూర బాగాలేదనడు, బాగుందనడు. జ్వరమొస్తే మందుబిళ్ళలు బల్ల మీద పెట్టి, మనిషి వంక చూడకుండా ఆఫీసుకెళ్ళాడు.

"దుకాణంలో అందరికీ చివరి వరస రెండుసార్లు చదివించేదాన్ని పిన్నీ" అంది. "అవసరం ఉండి కాదు. నేనేదన్నా అడిగితే ఒక మనిషి జవాబు చెప్తారు కదా, అందుకు."

నా చేతిలో తడి దుప్పటి అలాగే ఉండిపోయింది. "అమ్మకి నేను చెప్పనా?" అన్నాను.

"వద్దు. నువ్వు చెప్తే 'కొట్టలేదు కదా, పోనీలే' అంటుంది. తనే అడగాలి పిన్నీ. తనే అడిగితే చెప్తాను. అడక్కుండా వెళ్ళమంటే వెళ్తాను. అమ్మ కూడా వద్దన్న చోట నేనేం ఉంటాను?"

చెప్పనని మాటిచ్చాను. నా నోట్లో నువ్వుగింజ నానదు. అలాంటిదాన్ని, ఆ నాలుగు రోజులు ఎలా మింగుకున్నానో నాకే తెలుసు. ఆ పిల్ల వెళ్ళిందంటే ఇక తిరిగి రాదు. ఏం జరిగినా సరే ఆ ఇంట్లోనే ఉండిపోతుంది. అది నాకు దాని మొహం చూస్తేనే తెలిసింది.

ఆ వారం మా బల్లల మీద ఉన్నది ఒక పెద్ద ప్రేమ నవల. నాయకుడు గేటు దగ్గర నిలబడి తడుస్తున్న ఫారమే శుభమక్కది. అదే సమయానికి అల్లుడు షెడ్డుకు వచ్చాడు. వాన లేదు గాని మిగతావన్నీ ఉన్నాయి. చొక్కా నలిగింది, కళ్ళ కింద నలుపు. మమ్మల్నందర్నీ పలకరించి, అత్తగారి బల్ల ముందు నిలబడ్డాడు.

"తప్పు నాదే అత్తయ్యా. తనని పంపించండి. తను లేకపోతే ఇల్లు ఇల్లులా లేదు" అన్నాడు. గొంతు వణికింది. ఆ వణుకు దొంగది కాదు, అది నేను ఒప్పుకోవాలి. తొలిచూపు కళ్ళు తుడుచుకుంది.

శుభమక్క మొహం వెలిగిపోయింది. "అంత మాటెందుకు బాబూ. ఆదివారం పొద్దున రా, నేనే సర్ది పంపిస్తా" అంది.

అప్పుడు తగువుల వదిన, చేతిలో ఫారం దించకుండానే అడిగింది. "ఏం తప్పు బాబూ?"

అతను వదిన వంక చూశాడు. "అంటే... అన్నీ. ఏదైనా సరే, నాదే."

"అన్నీ అంటే ఏవి?"

"వదినా!" అని శుభమక్క కసిరింది. అతను నవ్వి, నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

అతను గేటు దాటాక వదినకూ శుభమక్కకూ తగువు పడింది. "ఇంటికొచ్చిన అల్లుణ్ణి నిలబెట్టి విచారణ చేస్తావా? నీకెప్పుడూ తగువులే కావాలి. ఆ ఫారాలు నీ బుర్రకెక్కాయి" అంది శుభమక్క.

"నావి నా బుర్రకెక్కితే, నీవి నీకెక్కలేదూ?" అంది వదిన. "పిల్ల ఎందుకొచ్చిందో అడిగావా?"

"దానికి చెప్పాలనుంటే చెప్పదా?"

నోటిదాకా వచ్చిన మాటను మింగేశాను. జిగురు డబ్బా చేయి తగిలి కింద పడింది, ఆ వంకన వంగి మొహం దాచుకున్నాను.

శనివారం సాయంత్రం శుభమక్క మెట్లు దిగి మా ఇంటికొచ్చింది, నవ్వుకుంటూ. "విన్నావా? అది గిన్నెలతో మాట్లాడుతోందే. 'నీ మూతేదమ్మా' అని అడుగుతోంది. 'ఇదిగో దొరికింది, ఇక పడుకో' అని తనే జవాబు చెప్తోంది. నేను వెనకే ఉన్నానని కూడా తెలియదు దానికి." పగలబడి నవ్వింది. నేను నవ్వలేదు. కాసేపటికి ఆవిడ నవ్వూ ఆగింది.

"చిన్నప్పుడు లేదు కదా ఇలా?"

"లేదు."

"ఎప్పట్నుంచి మొదలైందో."

"దాన్నే అడుగు అక్కా" అన్నాను. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అంటే పిల్లకిచ్చిన మాట పోతుంది.

శుభమక్క నా గడప మీద కూర్చుని తన అరచేతులు చూసుకుంది. కాగితం కోసిన గీతలు ఎప్పుడూ ఉంటాయి ఆ చేతుల నిండా. "రేపు వెళ్ళిపోయేదాన్ని ఇప్పుడు కదిలించడం ఎందుకులే. ఏడుస్తుంది" అని లేచి పైకి వెళ్ళింది. నాకు గోడకేసి తల కొట్టుకోవాలనిపించింది.

ఆదివారం పొద్దున అతను చెప్పిన వేళకు వచ్చాడు. నన్నూ పైకి పిలిచారు. ముందు గదిలో మూడు కుర్చీలు, ఒక బల్ల, బల్ల మీద టీ. పిల్ల తలుపు పక్కన కుర్చీ అంచున కూర్చుని ఉంది, సంచీ ఒళ్ళో పెట్టుకుని. ఈ వారంలో కాస్త తేరుకున్న మొహం మళ్ళీ పీక్కుపోయింది.

అతను కప్పు అందుకుంటూ అన్నాడు. "జరిగిందేదో జరిగింది అత్తయ్యా. అవన్నీ తవ్వుకోవడం ఎందుకు? ఇక ముందు బాగుంటే చాలు."

ఇది అచ్చంగా శుభమక్క మాట. ఆవిడ నోట నేను వెయ్యిసార్లు విన్నాను. ఆవిడ పొంగిపోతుందనుకున్నాను. కానీ ఆవిడ అల్లుడి వంక చూడటం లేదు, కూతురి వంక చూస్తోంది. ఆ పిల్ల మొగుడి మొహంలోకి చూస్తూ, పెదవులు కదుపుతోంది. లోపల్లోపల ఏదో చెప్పుకుంటోంది, శబ్దం లేకుండా.

"ఏం జరిగింది బాబూ?" అంది శుభమక్క.

"వదిలేయండి అత్తయ్యా."

"వదిలేద్దాం. ఏం వదిలేస్తున్నామో తెలియాలి కదా. మొదట్నుంచి చెప్పు."

ఆవిడ గొంతులో కోపం లేదు. మామూలుగానే అడిగింది. అతను కప్పు కింద పెట్టాడు. మొహం మారింది. కోపం కాదు, కోపమైతే తెలుస్తుంది. మొహంలో ఉన్నదంతా లోపలికి పోయి తలుపేసుకుంది. ఎదురు గోడ మీద చూపు నిలిపి కూర్చున్నాడు. మాట లేదు.

"చెప్పు బాబూ."

లేదు.

"టీ చల్లారిపోతోంది."

లేదు. పైన ఫ్యాను తిరుగుతోంది. వీధిలో ఎవరో స్కూటరు కిక్కు కొడుతున్నారు, అది స్టార్టు కావడం లేదు. టీ మీద మీగడ కట్టింది. నేను గొంతు సవరించుకున్నాను, ఆ గదిలో అదే పెద్ద చప్పుడు. ఆవిడ ఇంకోసారి పిలిచింది. అతను ఆవిడ ఉన్న వైపు కూడా చూడలేదు. అక్కడొక మనిషి ఉన్నట్టే లేదు అతనికి. సొంత ఇంట్లో, సొంత కుర్చీలో కూర్చున్న శుభమక్క ఇటూ అటూ కదలడం మొదలుపెట్టింది. చీమూ నెత్తురూ ఉన్న మనిషి ఎంతసేపని భరిస్తుంది?

"నేనేమన్నా తప్పుగా అడిగానా బాబూ?" అంది. జవాబు లేదు. "ఏమీ అనుకోకు, పెద్దదాన్ని, నోరు జారుతుంది. తప్పయితే..."

"అమ్మా" అంది కూతురు మెల్లగా. "నేనూ అలాగే మొదలుపెట్టానమ్మా."

శుభమక్క మాట అక్కడే ఆగిపోయింది. కూతురి వంక చూసింది, అల్లుడి వంక చూసింది, తన చేతుల వంక చూసుకుంది. అవి దండం పెట్టడానికి సగం లేచి ఉన్నాయి. వాటిని దించింది. లేచి వెళ్ళి కూతురి ఒళ్ళోంచి సంచీ తీసుకుని లోపలి గదిలో పెట్టి వచ్చింది.

అతను లేచి నిలబడ్డాడు. గుమ్మం దగ్గర కాసేపు ఆగాడు, పెళ్ళాం లేచి వస్తుందని. ఆ పిల్ల కాళ్ళు నేల మీద బిగబట్టి కూర్చుంది. నేను దాని భుజం మీద చేయి వేశాను. అతను ఒక్క మాట అంటే, నిజంగా ఒక్క మాట అంటే, ఏమయ్యేదో నాకు తెలియదు. అనలేదు. బూట్ల చప్పుడు మెట్ల మీద కిందికి దిగిపోయింది.

శుభమక్క కూతురి ఎదుట నేల మీద కూలబడింది.

"ఇదేనా?" అంది.

"ఇదే."

"ఇన్నేళ్ళూనా? కాసేపటికే నాకు ఊపిరాడలేదే. కన్నతల్లిని, నాతో చెప్పాలనిపించలేదా నీకు?"

పిల్ల కోపంగా చెప్పలేదు. తల్లి మొహం మీద పడ్డ జుట్టు వెనక్కి తోస్తూ చెప్పింది.

"చెబుదామనే రోజూ ఫోను చేశానమ్మా. 'అంతా బాగే కదా, సరే ఉంటా' అని నువ్వే పెట్టేసేదానివి."